పిట్ట మాటల కింద విషం

నేర పరిశోధకురాలి ఆఫీసులోకి వచ్చినావిడ కుర్చీ చూపించినా కూర్చోలేదు. కుట్టుపని చేస్తుందని మెడలో వేలాడుతున్న టేపే చెబుతోంది. దాన్ని తీసి రావాలన్న ధ్యాస కూడా లేనంత కంగారులో ఉంది.

“మా ఆయన లిఫ్టు మెకానిక్కు మేడమ్. నిన్న బెల్టు పెట్టుకోకుండా లిఫ్టు గుంట అంచున నిలబడ్డాడట. తోటివాడు చూసి చెయ్యి పట్టుకుని లాగాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే...” ఫోను తీసి బల్లమీద పెట్టింది.

పరిశోధకురాలు అంతా చదివి ఆ ఫోనును గుమాస్తా వైపు జరిపింది. ఆమెకు సహాయకుడతను. ఒకప్పుడు వకీలు దగ్గర పనిచేసినందుకు ఆ పేరే స్థిరపడిపోయింది. కోర్టు వరండాల్లో లోకంలోని కుళ్ళంతా చూసేశానని అతని నమ్మకం.

‘చచ్చిన పిల్లని అమ్ముకుని చప్పట్లు కొట్టించుకుంటున్నావా?’

‘నీ చేతకానితనానికే పోయింది ఆ పిల్ల.’

‘గుంట నీ ముందే ఉందిగా, ఇంకా ఆలోచనేమిటి?’

ముట్టుకున్నది ఫోనే అయినా గుమాస్తాకి చేతులు కడుక్కోవాలనిపించింది.

వాళ్ళకి ఒక్కతే కూతురు. పిట్ట అని పిలుచుకునేవారు. ఆరేళ్ళకే జ్వరమొచ్చి పోయింది. ఆ పిల్ల వచ్చీరాని మాటలన్నీ గుర్తు తెచ్చుకుని, తండ్రి ‘పిట్ట మాటలు’ అని ఒక బ్లాగు పెట్టాడు. పని నుంచి రాగానే దాని ముందే కూర్చునేవాడు. ఇవాళ రంగు మారిస్తే, రేపు బొమ్మని ఎడమ నుంచి కుడికి జరిపేవాడు.

“మొదట్లో నాకు చిరాకేసేది,” అందావిడ. “తర్వాత తెలిసింది, పిల్లకి జడ వేస్తున్నట్టే చేస్తున్నాడని.”

“ఈ రాతలన్నీ ఆ బ్లాగు కిందే, పేరు లేకుండా వస్తున్నాయిగా. కింద ఎవరూ రాయకుండా మూసెయ్యలేకపోయారా?” అడిగింది పరిశోధకురాలు.

“పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులు అక్కడికొచ్చి రెండు మాటలు చెప్పుకుంటారు. వాళ్ళ మొహాన తలుపెలా వెయ్యను అంటాడు.”

ఆ సాయంత్రమే ఇద్దరూ ఆవిడ ఇంటికి వెళ్ళారు. కిటికీ దగ్గర కుట్టుమిషను, దాని పక్కనే కంప్యూటరు. మెకానిక్కు తన పెద్ద పెద్ద చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని పరాయి ఇంటికి వచ్చినవాడిలా కూర్చున్నాడు. అతనికి ఒకవైపు బ్లాగు నేర్పిన స్నేహితుడు, ఫొటో స్టూడియో యజమాని. మరోవైపు సొంత అన్న. ఊళ్ళో పేరున్న హెడ్మాస్టరు. ఇస్త్రీ మడత నలగని చొక్కాతో, తమ్ముడి వీపు నిమురుతున్నాడు.

“రోజూ నా దగ్గరకొచ్చి ఏడుస్తున్నాడు మేడమ్. చూడలేకపోతున్నాను,” అంటూ ఆయన కళ్ళు ఒత్తుకున్నాడు. గుమాస్తాకి జాలేసింది.

పరిశోధకురాలు తెరమీద ఒక వాక్యం దగ్గర ఆగింది. ‘బిడ్డ పేరుకి ఒత్తు కూడా నిలబెట్టలేకపోయావు. బిడ్డనేం నిలబెడతావు?’

“ఇదేమిటి? బ్లాగులో ‘పిట్ట’కి ఒత్తు చక్కగానే ఉందే?”

“అదే నాకూ అర్థం కావట్లేదు,” అన్నాడు మెకానిక్కు. “ఒకసారి కొత్త రకం అక్షరాలు, అదే ఫాంటు, పెట్టి చూశాను. అందరికీ కనపడేలా మాత్రం పెట్టలేదు. ఎలా ఉందో చెప్పమని లింకు ఈ ముగ్గురికే పంపాను. తర్వాత నాకే నచ్చక పాతవే ఉంచేశాను. పైగా నా కంప్యూటర్లో ఒత్తు బాగానే కనపడింది.”

“మీ ముగ్గురికీ ఎలా కనపడింది?” అడిగింది పరిశోధకురాలు.

“నా ఫోన్లో బాగానే ఉంది,” అంది భార్య.

“స్టూడియోలో పెద్ద తెరమీద చూశా. కాస్త లావుగా ఉన్నాయన్నా,” అన్నాడు స్నేహితుడు.

“అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయిరా అని వెంటనే నేనే చెప్పాను కదా,” అన్నాడు అన్న. ఇంతలో ఆయన జేబులో ఫోను మోగింది. వెనక మూత ఊడిపోకుండా రబ్బరు బ్యాండు వేసిన పాత ఫోను. “దీని పని అయిపోయిందంటారు గానీ, దీన్ని మించింది లేదు,” అంటూ నొక్కి ఆపేశాడు.

సాగనంపడానికి గుమ్మం దాకా వచ్చిన భార్య ఫోన్లో పరిశోధకురాలు ఆ లింకు తెరిపించి చూసింది; ఒత్తు బాగానే ఉంది. బయటికి రాగానే గుమాస్తాని స్టూడియోకి పంపింది. అక్కడ పెద్ద తెరమీదా, యజమాని ఫోన్లోనూ అదే లింకు తెరిపించి చూశాడతను. రెండింట్లోనూ ఒత్తు దాని చోట అది ఉంది.

మర్నాడు అందరూ మళ్ళీ అదే గదిలో కూర్చున్నారు.

“రాసినవాళ్ళు బయటివాళ్ళు కాదు,” అంది పరిశోధకురాలు. “ఆ కొత్త అక్షరాలు బయటివాళ్ళు చూడనేలేదు. ఒత్తు పోయిందని వెక్కిరించారంటే, వాళ్ళ కంటికి అలాగే కనపడిందన్నమాట. కొన్ని పాత ఫోన్లకి ఇలాంటి కొత్త అక్షరాలు పడవు. ఒత్తుని ఊడదీసి పక్కన పడేస్తాయి. మీ తమ్ముడు ఆ లింకు మళ్ళీ పంపాడు. మీ ఫోన్లో తెరవండి మాస్టారూ.”

“కళ్ళజోడు తెచ్చుకోలేదు,” అన్నాడాయన.

మెకానిక్కు భార్య లేచి వెళ్ళి, ఆయన చేతిలోంచి ఫోను తీసుకుని తెరిచింది. పైన పెద్ద అక్షరాల్లో కూతురి పేరు విరిగి ఉంది: ‘పిట్ ట’.

“నా ఫోను ఎవరైనా తీసి ఉండొచ్చు...”

“మరి ఇలా కనపడుతుంటే ముత్యాల్లా ఉన్నాయని చెప్పింది ఎవరు? ఫోనెత్తుకెళ్ళినవాడా?” అడిగింది పరిశోధకురాలు.

హెడ్మాస్టరు చొక్కా సర్దుకున్నాడు. క్లాసులో పాఠం చెబుతున్నట్టే మొదలుపెట్టాడు.

“నాన్న పోయాక వాణ్ణి పెంచింది నేను. చెప్పులు కొనుక్కోవాలన్నా నన్నడిగేవాడు. ఈ దిక్కుమాలిన బ్లాగొచ్చాక ముక్కూ మొహం తెలియనివాళ్ళు బాగుందంటే చాలు, అన్న అక్కర్లేదు. నేను రాయడం మొదలెట్టాకే మళ్ళీ నా గుమ్మం తొక్కాడు. నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చేవాడు, చిన్నప్పటిలా.”

ఆ చివరి మాట చప్పరిస్తున్నట్టు అన్నాడు. చీకట్లో ఒట్టికాలితో జిగటగా ఉన్నదాన్నేదో తొక్కినట్టయింది గుమాస్తాకి. నిన్న ఈ మనిషి మీదే కదా తను జాలిపడింది! తన జాలి మీద తనకే రోత పుట్టింది.

“గుంటలో దూకమన్నారు,” అంది పరిశోధకురాలు.

“దూకేవాడు కాదు. వాడి సంగతి నాకు తెలుసు.”

“అంచున నిలబడ్డాడు బావగారూ,” అంది భార్య. కేకలెయ్యలేదు. ఫోను బల్లమీద వదిలేసి, కత్తిరించిన గుడ్డముక్క ఒకటి తీసుకుని వేళ్ళన్నీ ఒక్కొక్కటే తుడుచుకుంది. “పోలీసుల దగ్గరకి నేనే వెళ్తాను. ఈయన వద్దన్నా వెళ్తాను.”

మెకానిక్కు వద్దనలేదు. అన్న చెయ్యి నిమిరిన వీపుని కుర్చీకి ఆనించకుండా నిటారుగా కూర్చుని ఉన్నాడు.

హెడ్మాస్టరు చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. ఆ మొహంలో మొదటిసారి నిజమైన భయం కనపడింది.

“ఈ సంగతి బ్లాగులో పెట్టవు కదరా? స్కూల్లో నాకు పేరుంది.”

“అది నా కూతురి చోటు అన్నయ్యా,” అన్నాడు మెకానిక్కు. “నీ పేరు అక్కడెందుకు పెడతాను?”