పల్లంలో మూలిగే అత్త

ఎండుపుల్లకి నలభై ఆరేళ్లు. నేల మీద పుల్ల కనిపిస్తే వంగి తీసి చంకన పెట్టుకోకుండా దాటిపోదు. ఆ పేరు అలా వచ్చిందే.

ఆమె అడవికి కింది చివర ఒక పల్లం, అందులో ఒక రేకుల షెడ్డు. పొద్దుగుంకాక అటు ఎవరూ పోరు. అక్కడ ఒకావిడ మూలుగుతుందట... ముందు సన్నగా, ఈల వేసినట్టు. తర్వాత గొంతు దిగిపోయి — ఎవరో పీక నొక్కుతున్నట్టు.

ఆవిడ ఎవరో కాదు, ఎండుపుల్ల మేనత్తేనని చెప్పుకుంటారు. పోతూ పోతూ అడవిని మేనల్లుడికి కాకుండా మేనకోడలికి రాసిపోయింది. ఆస్తి ఉన్న మగాడు పోతే పెద్దాయన అవుతాడు. ఆడది పోతే దెయ్యమవుతుంది. లోకం తీరు అంతే.

"నా చెవులతో విన్నానక్కా," అని మొదట చెప్పింది తమ్ముడే. తల్లి పోయాక ఆమె చంకనేసుకుని పెంచిన పిల్లాడు. వాడు చెప్పాక ఇంక సందేహమేముంది? ఆర్నెల్లుగా పగలు కూడా ఆమె పల్లం వైపు పోలేదు.

కానీ ఎండాకాలం ముంచుకొస్తోంది. రాలిన కొమ్మలు తీయకపోతే ఒక్క నిప్పురవ్వ చాలు. చెట్ల మధ్య దూరే చిన్న ట్రాక్టరు, దాని వెనక తగిలించి కొమ్మల్ని ముక్కలు చేసే చిప్పరు కొందామని, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ట్రాక్టర్ల కొట్టుకి వెళ్లింది.

"ఈ బొమ్మతో ఏం పనవుతుందక్కా? పెద్దది తీసుకో. దారికి నాలుగు చెట్లు కొట్టేస్తే సరి."

"చెట్లు కాపాడ్డానికి చెట్లు కొట్టాలా? తలనొప్పని తల తీసేసుకున్నట్టుందిరా."

కొట్టులో అతను నవ్వి చిప్పరు నడిపి చూపించాడు. ఎండు కొమ్మ వేస్తే పటపటమంది. పచ్చి కొమ్మ వేస్తే మోత బరువెక్కి కిందికి దిగింది.

"పచ్చిదైతే మొరాయిస్తుందమ్మా," అన్నాడతను.

చిన్నదే ఖాయం చేసుకుంది. తమ్ముడు మొహం మాడ్చుకున్నాడు.

ఇంటికొచ్చాక అనుమానం పట్టింది. షెడ్డు తలుపులోంచి ఆ ట్రాక్టరు పడుతుందా?

"రేపు నేను కొలుస్తాలే. ఇది అత్త తిరిగే వేళ, వెళ్లకక్కా," అని చెప్పి వాడు వెళ్లిపోయాడు.

చీకటి పడుతోంది. చలిగా ఉంటే అత్త పాత శాలువా తల మీదుగా కప్పుకుని, టేపు పట్టుకుని బయల్దేరింది. సొంత అత్తకి భయపడటమేమిటని తనకి తానే చెప్పుకుంది. చెప్పుకుందే గాని — కాళ్లు వినడం లేదు.

సగం దారిలో వినిపించింది.

ముందు సన్నగా... ఈలలా...

తర్వాత గొంతు దిగింది. మూలుగు.

వెనక్కి తిరగబోయి — ఆగింది. ఈ గొంతు ఎక్కడో విన్నదే. ఈ మధ్యే... పగటి వెలుగులో...

పచ్చిదైతే మొరాయిస్తుందమ్మా.

ఇంకో అడుగు వేసింది. కాలి కింద మెత్తగా, తడిగా... పచ్చి చెక్క వాసన. చుట్టూ చూస్తే చెట్లుండాల్సిన చోట ఆకాశం ఉంది. చెట్లన్నీ మొదళ్లే.

షెడ్డు ముందు ట్రాక్టరు దీపం వెలుగుతోంది. కొట్టులో తమ్ముడు బొమ్మ అన్నాడే, సరిగ్గా అలాంటిదే. వెనక చిప్పరు. దాని నోట్లో పచ్చి కొమ్మలు తోస్తున్న మనిషి తలెత్తాడు. శాలువా చూశాడు. చేతిలో కొమ్మ జారిపోయింది. మిషను ఆపాడు.

"అత్తా... నన్నేం చెయ్యకు. మొద్దులే అమ్ముకున్నా. నీ పేరు చెబితే అక్క ఇటు రాదని... అక్కకి చెప్పకత్తా..."

"చెప్పనులే," అంది ఎండుపుల్ల, గుసగుసగా. తర్వాత శాలువా తీసేసింది.

మర్నాడు పొద్దున్నే తమ్ముడి మీద దొంగతనం కేసు పెట్టింది. ఆ దారినే కొట్టుకి వెళ్లి చిన్న ట్రాక్టరు తెచ్చుకుంది.