మంత్రిగారి చెప్పులు

"ఈ మధ్యాహ్నం సన్మాన సభలో మంత్రి చావాలి. నేరం పాండేసర మిల్లు బస్తీలోని తెలుగు నేతకార్మికుల మీద పడాలి." డీకోడ్ చేసిన విదేశీ ముఠా మెసేజ్ చదివి చీఫ్ తలెత్తాడు. "ఆయుధం, చర్మానికి తగిలితే చంపే విషం. నరహరీ, వాళ్లు మీవాళ్లే. నువ్వే వెళ్లాలి."

ఏజెంట్ నరహరికి దొరికిన వేషం, కేంద్రమంత్రి పరమేశ్వర్ చెప్పులు మోసే అటెండర్. అయ్యగారు వేదిక ఎక్కేముందు విడిస్తే, దిగేదాకా చేత్తో పట్టుకుని నిలబడాలి. కాన్వాయ్ కోసం ఆపేసిన రోడ్డు మీద షిఫ్టుకు పోవలసిన కార్మికులు సైకిళ్లతో ఎండలో మాడుతున్నారు.

"శాలువాలు వద్దనండి సార్. రిస్క్." కారు ముందు సీట్లోంచి నరహరి అన్నాడు.

"వద్దంటే కులమంతా అలుగుతుంది. అక్కడ ఢిల్లీలో నా కుర్చీ కోసం నలుగురు కాచుక్కూచున్నారు." మంత్రి బీపీ మాత్ర మింగాడు. "నిద్రపోయి ఎన్నాళ్లయిందో తెలుసా నీకు?"

నరహరికి క్షణం జాలేసింది. మంత్రి మిగిలిన నీళ్లు పుక్కిలించి, అద్దం దించి, సైకిళ్లవాళ్ల మీదికే ఉమిశాడు. ఆ జాలి కాస్తా అసహ్యమైపోయింది.

సభ వెనక గదిలో నేతకార్మికురాలు వజ్రమ్మ, మంత్రికి కప్పడానికి తన మగ్గం మీద నేసిన శాలువా అంచుకు నరహరి చూస్తుండగానే పసుపు అద్దింది. "కొత్తబట్ట పసుపు వెట్టకుంట ఎవలికన్న కప్పుతమా బిడ్డా?"

ఏజెంట్ రుచిత దాన్ని స్కానింగ్‌కు పట్టుకెళ్లింది. ఢిల్లీలో పెరిగిన అందగత్తె. ఆమె నవ్వితే డిపార్ట్‌మెంట్‌లో ఫైళ్లు వాటంతటవే కదిలేవి. గ్లవ్స్ చేతులతో ట్రే పట్టుకుని తిరిగొచ్చింది.

"క్లియర్."

వేదిక మీద కెమెరాలు మెరిశాయి. మంత్రి మెడ వంచాడు. రుచిత ట్రే చాచింది. వజ్రమ్మ చేతులు శాలువా మీదికి దిగుతున్నాయి. అదే రంగు, అదే అంచు. పసుపు మాత్రం లేదు!

అరిచే టైం లేదు. నరహరి ఒక్క దూకు దూకి వజ్రమ్మను భుజంతో పక్కకు నెట్టాడు. చేతుల్లోని రెండు చెప్పులతో పటకారులా శాలువాను పట్టి, మంత్రి ముక్కు ముందు నుంచి ఎత్తి ఇసుక బకెట్లో పడేశాడు. పరుగెత్తబోయిన రుచితను కమాండోలు మెట్ల దగ్గరే పట్టేశారు.

"ఎలా కనిపెట్టావ్?"

"పసుపు మరిచావు."

"ఏమాయె కొడుకా?" వజ్రమ్మ నరహరి దగ్గరికొచ్చింది.

"ఏం గాలే అవ్వా. నీ మీదికి ఏం రాదు."

మంత్రి మాత్రం రంకెలేశాడు. "టీవీల ముందు నా మీదికి చెప్పులెత్తుతావా! సస్పెండ్ చేయిస్తా! ముందు నా చెప్పులిటు పెట్టు!"

"వాటికి విషం అంటింది సార్."

మంత్రి ఉత్తకాళ్లతో, కాలే రోడ్డు మీద, సైకిళ్లవాళ్ల ముందు నుంచే గెంతుకుంటూ కారెక్కాడు.

సాయంత్రం పంపిన రిపోర్టులో నరహరి రాసిందంతా నిజమే, మంత్రిగారి ముందు చెప్పులెత్తినందుకు చింతిస్తున్నానన్న ఒక్క వాక్యం తప్ప.