ఆకుల గుడ్డ అంటించిన బీరువా

కేక వినబడుతుందని మిషనమ్మకు తెలుసు. అందుకే పొద్దున్నే తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని కూర్చుంది. తిట్లు తినేటప్పుడు కూడా మనిషి మర్యాదగా కనబడాలని ఆమె సిద్ధాంతం.

పొరుగూరిలో వడ్రంగి పని ముగించుకుని అప్పుడే ఇల్లు చేరిన ఆమె భర్త, మేస్త్రీ, కోడలిచ్చిన టీ గ్లాసుతో పడకగదిలోకి వెళ్లాడు.

"ఏమేవ్! ఇటు రా!"

వచ్చేసింది కేక. ఆమె తాపీగా లేచి వెళ్లింది. వెనకే కోడలు కూడా వెళ్లింది.

గదిలో గోడంతా ఆక్రమించిన చెక్క బీరువా. పెళ్లైన కొత్తలో మేస్త్రీ స్వయంగా చేసి, పాలిష్ పట్టి, ఈనాటికీ అద్దంలా తుడుచుకుంటున్న బీరువా. దాని తలుపుల మీదిప్పుడు ఆకుపచ్చ ఆకుల గుడ్డ. అంచుల దాకా ఎక్కడా ముడత లేదు. పిడుల చుట్టూ గుండ్రంగా కత్తిరించి మరీ అంటించి ఉంది. వీధిలో ఎవరి కొలతలైనా చూపుతోనే చెప్పగల కుట్టుమిషనావిడ పని అలాగే ఉంటుంది మరి.

"నా చెక్కకి జిగురు పూస్తావా? బుద్ధుందా నీకు?"

"ఉంది కాబట్టే జిగురు పూయలేదు. గంజి రాశాను."

"ఏదైతేనేం, నా పాలిష్ పోయిందిగా! సాయంత్రానికల్లా తీసెయ్."

"తీయను."

కోడలు నోరెళ్లబెట్టింది. ఆ ఇంట్లో ఆ మాట ఇంతవరకూ పుట్టలేదు. చెక్క మీద గ్లాసు పెట్టొద్దంటే పెట్టలేదు, క్యాలెండరుకు మేకు కొట్టొద్దంటే కొట్టలేదు. ఇల్లంతా ఆయన చెక్కే కనబడేది. ఆమె చేతిపని మాత్రం ఊరి జనం ఒంటి మీద తిరుగుతూ ఉండేది.

"పోనీలెండి మావయ్యగారూ, బాగానే ఉంది కదా..." అంది కోడలు.

"నువ్వుండమ్మా! ఇది ఇంటి పరువు."

"పరువు బీరువా తలుపుకు అంటుకుని ఉందా?" అంది మిషనమ్మ. గిన్నెలో నీళ్లు, మెత్తటి గుడ్డ తెచ్చి ఆయన ముందు పెట్టింది. "తీయాలనుంటే మీరే తీయండి. తడిపి, కాసేపాగి, మూల పట్టుకుని నెమ్మదిగా లాగండి. నేను మాత్రం తీయను."

ఆయన విసురుగా మూల తడిపాడు. ఆగే ఓపిక లేక లాగబోయి, చెక్క గుర్తొచ్చి ఆగాడు. కాసేపటికి ఆ మూల గుడ్డ మెల్లగా విడివడింది. కింద తడిగుడ్డతో తుడిచి వెలుతురుకు తల వంచి చూశాడు. మచ్చ లేదు. గీత లేదు. పాలిష్ ఎప్పటిలాగే మెరుస్తోంది.

"ముందు లోపలివైపు అడుగున చిన్న ముక్క అంటించి, కొన్నాళ్లాగి తీసి చూశాను. చెక్కకేం కాదని తేలాకే బయట అంటించాను," అంది. "మీ పనికి నేనంత విలువిచ్చాను. ఈ బీరువా పట్టే గోడ వేరే లేదని మీరు నా కిటికీ మూసేశారే! రెక్కలకి మేకులు కొట్టి, చట్రానికి బీరువా బిగించేశారు. ఆ వెలుతుర్లోనే నా మిషను ఉండేది. నన్నో మాట అడిగారా? ఇన్నేళ్లూ మిట్టమధ్యాహ్నం కూడా బల్బు కింద కళ్లు చిట్లించుకుని కుట్టాను. నేను అంటించింది తడిపితే వస్తుంది. మీరు కొట్టింది వస్తుందా?"

మేస్త్రీ చేతిలోని తడిగుడ్డను గిన్నెలో వేశాడు. ఆకుల గుడ్డ వంక చూశాడు. కిటికీ అవతల వేపచెట్టు ఉండేదని ఇన్నాళ్లకు గుర్తొచ్చింది. చెమ్మగిల్లిన కళ్లు భుజం మీది తువ్వాలుతో తుడుచుకుని బయటికి వెళ్లిపోయాడు.

"అలిగారు," అంది కోడలు.

"అలగనీ."

అలగలేదు. పనిముట్ల సంచితో తిరిగొచ్చాడు. తుప్పు పట్టిన మరలు తిప్పడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. అత్తాకోడళ్లు ఒక పక్క, ఆయన ఒక పక్క పట్టి బీరువాను తలుపు పక్కకు జరిపారు. సగం తోవకు అడ్డొచ్చినా ఆయన కిమ్మనలేదు. మేకులు పీకి రెక్కలు తోశాడు. చట్రం నిండా బెజ్జాలు మిగిలాయి. వాటిని వేలితో తడిమి, "ఇవి పూడ్చినా మచ్చ పోదే," అన్నాడు తలెత్తకుండా. "అడగాల్సింది నిన్ను."

మిషనమ్మకు కన్నీళ్లు ఆగలేదు. వేపగాలి ముఖాన కొడుతుంటే ఏడుస్తూనే మిషను ఈడ్చుకొచ్చి కిటికీ కింద పెట్టింది.

ఆయన బీరువా వైపు తిరిగాడు. "కిటికీ వచ్చేసిందిగా. మరి ఆ గుడ్డ..."

"తీయను," అంది సూదిలోకి దారం ఎక్కిస్తూ. "గంజి గిన్నె గట్టు మీదుంది. మీరు ఊడదీసిన మూల మీరే అంటించండి. పల్చగా రాయాలి."

మేస్త్రీ చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.