ఐదు సెకన్లకోసారి

"ముట్టకుండ్రి."

రౌటర్ వైరు మీదికి వెళ్లిన అంజన్ చెయ్యి సగంలో ఆగిపోయింది. ఆ మాట అన్న అమ్మాయి స్కానింగ్ సెంటర్ మెట్ల పక్కన ఇరుకు గదిలో, స్టూలు మీద, ఒళ్లో రూళ్ల నోట్‌బుక్కు పెట్టుకుని కూర్చుని ఉంది. బయట నాంపల్లి రోడ్డు మీద వాన దంచుతోంది.

"మేడం, నేను ఇంటర్నెట్ ఆఫీసు నుంచి వచ్చిన. ఆబిడ్స్ నుంచి," అన్నాడు అంజన్, జుట్టులోంచి కారుతున్న నీళ్లు తుడుచుకుంటూ.

"తెలుసు. వైరు పీకి మళ్లా పెడ్తరు. లైట్లు వెలుగుతయ్. మీరు పోతరు. ఎందుకు ఆగిందో మాత్రం ఎవ్వరికి తెల్వది."

నాలుగేళ్ల ఉద్యోగంలో అంజన్ సరిగ్గా అదే చేస్తున్నాడు. ఇంత క్లుప్తంగా ముఖం మీద ఎవరూ చెప్పలేదు, అంతే.

"మరి ఏం జేద్దాం మేడం?"

"ముందు చూద్దాం. తర్వాత ముట్టుకుందాం."

ఆమె పేరు చంద్రిక. ఆ స్కానింగ్ సెంటర్‌లో కంప్యూటర్లన్నీ ఆమె బాధ్యత; రాత్రి మూసేటప్పుడు రౌటర్‌తో సహా అన్నీ ఆపి వెళ్లేదీ ఆమే. ఇక్కడ తీసిన స్కాన్లు లక్డీకాపూల్‌లో కూర్చున్న డాక్టరు దగ్గరికి నెట్‌లో వెళ్లాలి, ఆయన చూసి రిపోర్టు పంపాలి. అప్పటిదాకా పేషెంట్లు బెంచీల మీద ఎదురుచూడాలి. ఆమె నోట్‌బుక్కు తిప్పి చూపించింది. పది గంటల పన్నెండు నిమిషాలకి బయటి లైను పోయింది, రౌటర్ మాత్రం బాగానే ఉంది, పొద్దున్నుంచి స్టేషన్ రోడ్డులో తవ్వుతున్నారు అని మూడు వరుసల్లో రాసి ఉంది. అంజన్ వానలో వెళ్లి చూశాడు. గుంతలో తమ ఆఫీసు ఫైబర్ తీగ రెండు ముక్కలై కనిపించింది.

చంద్రిక అందంగానే ఉంటుంది, కాదనడానికి లేదు. కానీ ఆ రోజు అంజన్‌ని పడేసింది మాత్రం ఆ మూడు వరుసలే.

"ఇంక ఫికర్ జేయకుండ్రి మేడం," అన్నాడు లైను అతికించి వచ్చాక. "మీ లైన్ మీద నేనే కన్నేసి పెడ్త."

"మాట ఇస్తున్నరా?"

"ఇస్తున్న."

ఇచ్చిన మాట కోసం, జీపీవో వెనక గల్లీలో ఉన్న ఆఫీసుకు చేరగానే, తన కంప్యూటర్లో చిన్న ప్రోగ్రాం రాసుకున్నాడు. ఆఫీసు కింద రెండు వందల మంది కస్టమర్లు ఉన్నారు. వాళ్ల రౌటర్లను ఐదు నిమిషాలకోసారి 'ఎట్లున్నవ్' అని అడిగి జవాబు తీసుకునే ఏర్పాటు ముందునుంచీ ఉంది. చంద్రిక రౌటర్‌ని మాత్రం ఐదు సెకన్లకోసారి అడిగేలా పెట్టాడు. బాగుంటే తెర మూలన పచ్చ చుక్క వెలుగుతుంది. మర్నాడు తొమ్మిదికి కంప్యూటర్ ఆన్ చేశాడు, చుక్క వెలిగింది. పని చేస్తున్నంతసేపూ ఓ కన్ను దాని మీదే ఉంచాడు.

రెండు నలభైకి చుక్క ఎర్రబడింది.

అతను ఉరుకులు పరుగుల మీద వెళ్లేసరికి రౌటర్ దానంతట అదే లేచి కూర్చుంది. పది నిమిషాలు పడుకుందని చంద్రిక చెప్పింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. అంజన్ ఒకరోజు అడాప్టర్ మార్చాడు, ఒకరోజు కేబుల్ మార్చాడు.

"ఒక్కొక్కటే మార్చుండ్రి," అనేది చంద్రిక. "రెండు ఒక్కసారి మారిస్తే ఏది తప్పో తెల్వది." మార్చిన ప్రతిదీ రాసుకునేది. నెట్ ఆగినప్పుడల్లా ముందు బెంచీల దగ్గరికి వెళ్లి, ప్రతి ఒక్కరికీ ఇంకెంతసేపు పడుతుందో చెప్పి వచ్చేది. కసురుకున్నవాళ్లకు కూడా అంతే ఓపికగా చెప్పేది. అంజన్ స్క్రూడ్రైవర్ పట్టుకుని నిలబడి చూస్తుండేవాడు. పనిని ఇంత మర్యాదగా చేసే మనిషిని అతను అంతకుముందు చూడలేదు.

"మీ ఆఫీసుల ఇంకెవ్వరు లేరా? రోజు మీరే వస్తున్నరు," అంది ఒకరోజు.

"ఉన్నరు మేడం. వాళ్లకు నాంపల్లి దూరమైతది."

ఆబిడ్స్ నుంచి నాంపల్లి పావుగంట నడకేనని ఊళ్లో అందరికీ తెలుసు. చంద్రిక నోట్‌బుక్కులోకి తల వంచుకుంది. భుజాలు కదలడం చూసి నవ్వుతోందని అర్థం చేసుకున్నాడు.

రెండో వారం బుధవారం నాడు సెంటర్ యజమాని డాక్టర్ రత్నాకర్ గదిలోకి వచ్చారు. అద్దాలు పైకి తోసుకుని, "చూడు బాబూ, శనివారం దాకా చూస్త. కారణం దొరికితే సరి. లేకుంటే వేరే కంపెనీ కనెక్షన్ తీసుకుంటం. చంద్రికా, నువ్వే చెప్పాలె," అని వెళ్లిపోయారు.

ఆఫీసుకు ఒక కనెక్షన్ పోవడం పెద్ద విషయం కాదు. కానీ ఆ కనెక్షన్ పోతే, ఈ మెట్లెక్కడానికి అంజన్ దగ్గర ఇంకో కారణం లేదు.

గురువారం జనగామలో మేనమామ కూతురి పెళ్లి. అక్కడ బాజాల మధ్య చెవి మూసుకుని రెండు నలభైకి ఫోన్ చేశాడు. "పడ్డదా మేడం?"

"పడలే."

ఆ సంతోషంలో ఇంకో లడ్డు ఎక్కువే తిన్నాడు.

శుక్రవారం మళ్లీ పడింది. వెళ్లేసరికి చంద్రిక ముఖంలో నవ్వు లేదు. స్టూలు అతనివైపు జరిపి నోట్‌బుక్కు తెరిచింది.

"సోమవారం మీరు ఆఫీసుకు తొమ్మిదికి గాక పదింటికి వచ్చిన్రు. చాదర్‌ఘాట్ దగ్గర నీళ్లు నిలిచినయ్ అని మీరే చెప్పిన్రు. ఆ రోజు మూడు నలభైకి పడ్డది. మిగిలిన రోజులన్ని రెండు నలభైకే. నిన్న మీరు లేరు. నిన్న పడలే."

అంజన్ ఆ వరుసల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చదివాడు.

"ఇంకోటి. దీనితోటి ఎవరెవరు మాట్లాడుతున్నరో పొద్దటి సంది చూసిన. మీ ఆఫీసు కంప్యూటర్ ఒకటి ఐదు సెకన్లకోసారి ఏదో అడుగుతున్నది. అడగాలంటే పాస్‌వర్డ్ గావాలె. అది ఇద్దరికే తెలుసు. నాకు, మీకు."

"అది నేనే మేడం. మంచిగుందా లేదా అని..."

"మీరే పడగొట్టి, మీరే బాగుజేస్తనని వస్తున్నరా అంజన్ గారూ?"

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఇంత తగిలేది కాదు.

"నేను గట్ల జేస్తనా మేడం?"

"నాకు తెల్వదు. బయట ఒకాయన బిడ్డకు తలకాయ స్కాన్ తీయించుకొని కూసున్నడు. పంపేటప్పుడే ఆగింది. మళ్లా మొదటి నుంచి పంపుతున్న. రేపు డాక్టరు గారికి చెప్పాలె. అంతకంటే ముందు మీరే ఏమన్న చెప్తరేమోనని అడిగిన."

అంజన్ గొడుగు అక్కడే మరిచిపోయి వానలో ఆఫీసుకు నడిచాడు. తన ప్రశ్నకీ రౌటర్ పడిపోవడానికీ సంబంధం ఏమిటో అతనికే తెలియదు. తడి చొక్కాతోనే కూర్చుని, రౌటర్ చేసిన కంపెనీ నుంచి వచ్చి చదవకుండా పోగుపడిన మెయిళ్లన్నీ తెరిచాడు.

ముప్పయ్యో నలభయ్యో తెరిచాక దొరికింది. రెండు నెలల కిందటి హెచ్చరిక. పైన 'డినయల్ ఆఫ్ సర్వీస్', అంటే సేవ ఆగిపోయే ప్రమాదం, అని ఉంది. ఆ రౌటర్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక లోపం ఉందట. పాస్‌వర్డ్ తెలిసినవాళ్లు ఎవరైనా దాని క్షేమం అడిగిన ప్రతిసారీ, జవాబు కోసం తీసుకున్న మెమరీలో కాస్త తిరిగి ఇవ్వకుండా ఉండిపోతుంది. అలా అడుగుతూ పోతే మెమరీ అంతా అయిపోయి, రౌటర్ ఎవరి పనీ చేయలేక కుప్పకూలి, మళ్లీ మొదటి నుంచి లేస్తుంది. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే పోతుంది.

అంటే పచ్చ చుక్క కోసం తను అడిగిన అడుగుడే దాని ప్రాణం తీసింది. రెండుసార్లు చదివి, తల పట్టుకున్నాడు.

ఇంటర్నెట్ ఆఫీసు యజమాని కిషన్ అతని వెనక నిలబడి అంతా చదివాడు. "అయితే ఇంకేంది? నీ ప్రోగ్రాం బంద్ చెయ్. రేపు పడది. సాఫ్ట్‌వేర్ల లోపముండె, మేమే దొరకవట్టినం అని చెప్పు. అబద్ధం గూడ గాదు."

అబద్ధం కాదు నిజమే. కనెక్షన్ ఉంటుంది, పేరు కూడా వస్తుంది. కానీ అలా చెబితే చంద్రిక అదే రాసుకుంటుంది. ఆ నోట్‌బుక్కులో ఇంతవరకూ తప్పు వరుస ఒక్కటీ లేదు. మొదటిది తన వల్ల పడడం అంజన్‌కి ఇష్టం లేకపోయింది.

శనివారం పదింటికి మెట్లెక్కాడు. డాక్టర్ రత్నాకర్ కూడా అక్కడే ఉన్నారు. అంజన్ హెచ్చరిక కాగితం చంద్రిక ముందు పెట్టాడు.

"ఇది లోపం మేడం. రెండు నెలల కిందనే చెప్పిన్రు. నేను చదవలే, అది నా తప్పు. ఐదు సెకన్లకోసారి అడిగింది నేను, అది గూడ నా తప్పే. కావాలని పడగొట్టలే. గానీ పడగొట్టింది నేనే."

చంద్రిక కాగితం చివరిదాకా చదివింది. తర్వాత బీరువాలోంచి అదే రకం పాత రౌటర్ తీసి బల్ల మీద పెట్టింది.

"తొమ్మిది నుంచి రెండు నలభై దాక, ఐదు సెకన్లకోసారి. నాలుగు వేల ఎనభై సార్లు," అంది లెక్కవేసి. "దీన్ని సెకనుకు పదిసార్లు అడుగుండ్రి. ఏడు నిమిషాల్ల తెలుస్తది."

ముగ్గురూ నిలబడి చూశారు. నాలుగు వేల డెబ్బై మూడో ప్రశ్నకి రౌటర్ లైట్లన్నీ ఒక్కసారే ఆరిపోయాయి. చంద్రిక ఆ అంకె రాసుకుని కింద గీత గీసింది. ఆ గీత గీసే చేతివైపు అంజన్ చూసిన చూపు డాక్టర్ గారి కంట పడింది.

"మిగిలినోళ్లను ఎంతకోసారి అడుగుతవ్?" అన్నారాయన.

"ఐదు నిమిషాలకోసారి సార్. వాళ్లయి గూడ ఎప్పుడో ఒకరోజు పడేటివే. ఈ వారంల అన్నిటికి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిస్త."

"మరి మాకొక్కళ్లకే ఐదు సెకన్లు ఎందుకు?"

అంజన్ రౌటర్ వంక చూశాడు, గోడ వంక చూశాడు, చివరికి చూడాల్సిన వైపే చూశాడు. డాక్టర్ గారు అద్దాలు తీసి తుడుచుకున్నారు.

"సరే. కనెక్షన్ ఉంటది. తప్పు ఒప్పుకునేటోన్ని పంపించి, ఒప్పుకోనోన్ని తెచ్చుకొని నేనేం జేసుకుంట," అని తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయారు.

"నాకు జవాబు రాలే," అంది చంద్రిక. "ఎందుకు?"

"మీకు మాట ఇచ్చిన గదా." సగం నిజంతో సరిపెట్టుకోవడం అలవాటు కాకూడదనుకున్నాడు. "ఆ పచ్చ చుక్క వెలుగుతుంటే, మీరు ఈ గదిల మంచిగ ఉన్నట్టు అనిపిస్తుండె. ఐదు నిమిషాలు ఆగబుద్ధి గాలే. నాకు మీరంటే ఇష్టం చంద్రిక గారూ."

ఆమె నోట్‌బుక్కు తెరిచే ఉంది. కానీ ఆ మాట రాసుకోలేదు. పెన్ను మూత పెట్టేసింది.

"నాలుగింటికి రండ్రి. ఆఖరి పేషెంటు పోయినంక సాఫ్ట్‌వేర్ ఎక్కిద్దాం," అంది. అతను గది దాటేముందు గొడుగు చేతిలో పెట్టింది.

నాలుగింటికి బెంచీలు ఖాళీ. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించి రౌటర్‌ని రీస్టార్ట్ చేశారు. లైట్లు ఆరాయి. లేవడానికి పది నిమిషాలు. వాన వెలిసి, చూరు నుంచి చుక్కలు పడుతున్నాయి. రెండో నిమిషానికే అంజన్ చెయ్యి ల్యాప్‌టాప్ మీదికి పోయింది, లేచిందో లేదో అడుగుదామని.

చంద్రిక ల్యాప్‌టాప్ మూసేసింది. "అడగొద్దు. లేస్తది."

అడగకుండా కూర్చోవడం అంజన్‌కి చాలా కష్టమైంది. పదో నిమిషానికి ఒక్కొక్క లైటూ వెలుగుతూ వచ్చి, చివరిది పచ్చగా నిలబడింది. ఇద్దరూ దాన్ని చూస్తూ ఉండిపోయారు.

"లెక్కజూసిన," అంది చంద్రిక రౌటర్ వంకే చూస్తూ. "ఈ తొమ్మిది రోజుల్ల దీన్ని ఎట్లున్నవ్ అని యాభై వేల సార్లు అడిగినవ్. పక్కన కూసున్న నన్ను ఒక్కసారన్న అడిగినవా?"

ఆమె తనని 'నువ్వు' అనడం అదే మొదలని అతనికి ఓ క్షణం ఆలస్యంగా తెలిసింది. యాభై వేల సార్లు అడిగిన ప్రశ్నే, ఈసారి మనిషినే అడిగాడు.

"ఎట్లున్నవ్ చంద్రికా?"

"మంచిగున్న," అంది ఆమె. నోట్‌బుక్కు సంచిలో పెట్టుకుని లేచి, తలుపు దగ్గర ఆగి వెనక్కి చూసింది. "రేపు మళ్లా అడుగు. ఒక్కసారి చాలు, నేను మర్చిపోను."