శివ్వంపేట వరుస

బస్సులే తిరగని దినాల్లో బస్సుల టైములకు టేబుల్ తయారుచెయ్యమన్నాడు ఇంద్రకరణ్ సార్. రెండువేల పదకొండు, సకల జనుల సమ్మె నడుస్తోంది. అయినా చంద్రిక హవేలిఘనపూర్ నుంచి మెదక్ దాకా రోజూ నడిచే వచ్చేది. రాకేం చేస్తుంది? సార్ నడిపే కంప్యూటర్ సెంటర్లో పాఠం చెప్పే కొలువు ఒక్కటే ఖాళీ ఉంది. వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్‌లో తప్పుల్లేని పేజీ రాసి చూపిస్తే అది ఆమెదే.

అక్కడ ఇదివరకే పాఠాలు చెబుతున్న కరుణాకర్‌తో ఆమెకు మొదటి రోజే పడలేదు. ఆమె తప్పు టైపు చేస్తే చాలు, జరా జరుగు అంటూ కీబోర్డు లాక్కునేవాడు. నా తప్పు నేనే దిద్దుకుంటానంటే నవ్వేవాడు. ఆ నవ్వు బాగుండటమే ఆమెకు మరింత మంట.

పరీక్షకు ముందురోజు సాయంత్రం టేబుల్ మొరాయించింది. టేక్మాల్ ఊరి బస్సు దగ్గర వరుస ముగించి కొత్తది మొదలుపెట్టడం చంద్రిక మరిచింది. తరవాతి ఊరు శివ్వంపేట కిందికి దిగకుండా టేక్మాల్ పక్కనే కూచుంది. తప్పెక్కడో దొరికేలోపు సెంటర్ మూసే వేళయింది.

తెల్లారి సార్ ముందు పేజీ తెరిస్తే శివ్వంపేట బుద్ధిగా కింది వరుసలో ఉంది. చంద్రిక కోడ్ తెరిచి చూసింది. ప్రతి వరుస తరవాత ఒక లైను ఖాళీ వదలడం ఆమె అలవాటు. శివ్వంపేట మాత్రం పైదానికి అంటుకుని ఉంది. అలా ఇరికించి రాసేది సెంటర్ మొత్తంలో కరుణాకర్ ఒక్కడే.

సార్ మస్తుగుందన్నాడు. నోరు మెదపకుంటే కొలువు ఆమెదే. ఆమె కోడ్ చదవడం చూసి, గోడకు ఆనుకున్న కరుణాకర్ పాలిపోయాడు.

“సార్, గీ వరుస నేను రాసింది కాదు. పది నిమిషాలియ్యుండ్రి, మొత్తం మళ్ల రాస్త.”

తప్పయితే కొలువు వేరేవాళ్లకు పోతుందన్నాడాయన. పోతే పోనియ్యుండ్రి అని పేజీ మొత్తం చెరిపేసింది. టేక్మాల్ దగ్గర ఆగి, వరుస ముగించి, కొత్తది మొదలుపెట్టి శివ్వంపేట రాసింది. ఈసారి గళ్లన్నీ ఎక్కడివక్కడ కుదిరాయి. సోమవారం నుంచి పాఠాలకు రమ్మన్నాడు సార్.

మెట్ల మీద కరుణాకర్ వెంటపడి వచ్చాడు. చంద్రిక చెడామడా తిట్టింది. అందరిలా అతనూ తనకు చేతకాదనుకున్నాడని ఏడుపొచ్చింది కూడా. అతను తలొంచుకుని అంతా విన్నాడు. చేతకాదని కాదట, ఆమె ఫెయిలైతే ఇక రాదేమోనని పరేషానై దిద్దాడట.

“నువ్వు రాకుంటే నాకు గీడ మన్సున పట్టది చంద్రికా. రేపు మీ నాయినను అడగనీకె వస్త.”

“మళ్ల గదే పని. ముందుగాల నన్నడగరా?”

అతను గతుక్కుమన్నాడు. రెండు మెట్లు దిగి, ఆమెకు ఎదురుగా నిలబడి, తనను పెళ్లి చేసుకుంటావా అని ఆమెనే అడిగాడు.

చంద్రికకు ఎంత ఆపుకున్నా నవ్వు ఆగలేదు.

“నాకు ఇష్టమే. మా నాయినకు నేనే చెప్త. మీరు ఊకె నా పక్కన నిలవడుండ్రి.”