పిల్లి అడుగుపెట్టని గది

గవియోతా కొండ మీదికి ఇనుప తాడు లాగే చెక్కబండిలో దెల్మీరా మొదటిసారి పైకి వచ్చిన రోజే, ఆ బండి నడిపే రెనాతో అనే అతని మొహం మీద తుమ్మింది. టికెట్ కిటికీలోంచి అతను చిల్లర అందిస్తున్నాడు. ఒక తుమ్ముతో ఆగితే బాగుండేది, వరసగా ఏడు వచ్చాయి.

"చిల్లర తక్కువైతే నోటితో చెప్పొచ్చుగా," అన్నాడు రెనాతో మొహం తుడుచుకుంటూ.

"మీ స్వెట్టర్ నిండా పిల్లే ఉంది," అంది ఆమె ముక్కు చీదుకుంటూ.

పిల్లి స్వెట్టర్ మీద లేదు, కిటికీ అరుగు మీద పడుకుని ఉంది. నారింజ రంగుది, ఒక చెవి చిరిగి ఉంది, పేరు అడ్మిరల్. పొద్దుటిపూట రెనాతో ఒళ్ళో ఓ కునుకు తీసి, లేచిపోయేటప్పుడు తన బొచ్చులో సగం అతనికి ధారపోసి వెళ్ళేది.

ఆమె యాస విని ఏ ఊరని అడిగాడు రెనాతో. బొలీవియాలో కోచబాంబా అంది. బొలీవియాకి ఉన్న కాస్త సముద్రతీరాన్నీ ఎప్పుడో యుద్ధంలో చిలీ లాగేసుకుంది. చిలీ రేవు వాల్పరాయిసోలో ఆ మాట చెవిన పడ్డాక నోరు కట్టేసుకునేవాడు ఇంకా పుట్టలేదు.

"అయితే సముద్రం కోసం వచ్చారన్నమాట."

"ఊరికే చూసిపోదామని. మా ముత్తాతల సొత్తు కదా, మీరు సరిగ్గా చూసుకుంటున్నారో లేదో అని."

ఎనిమిదో తుమ్ము కూడా అక్కడే తుమ్మి విసురుగా వెళ్ళిపోయింది. మెట్ల మలుపులో వెనక్కి తిరిగి చూస్తే అతను ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఆమెకు ఒళ్ళు మండింది.

నవ్వే సంగతి కాదది. దెల్మీరాకి పిల్లి పడదంటే తుమ్ములతో పోయేది కాదు, గొంతు మూసుకుపోతుంది. కట్టుడు పళ్ళు చేసే పని నేర్చుకుందామని ఏడాది ఒప్పందం మీద రేవు దగ్గర ల్యాబ్‌లో చేరింది. ఆ పనిలో ల్యాబ్ యజమాని ఉర్రూతియా గారిని మించిన చెయ్యి ఆ తీరంలోనే లేదు. నేర్చుకుని వెళ్ళి సొంత ల్యాబ్ పెట్టుకోవాలని ఆమె ఆశ. కానీ వచ్చిన వారానికే, పిల్లి లేదని ఒట్టేసిన ఇంట్లో దిగి, ఊపిరాడక ఆసుపత్రి పాలైంది. ఇంకోసారి ఇలా అయితే నా దగ్గరికి రావద్దు, మీ ఊరు వెళ్ళిపోండి అన్నాడు డాక్టర్. ఆ బట్టలతోనే ల్యాబ్‌కి వెళితే, ఆమె తుమ్ముకి మైనపు దవడపన్ను ఎగిరి ఉర్రూతియా గారి కాఫీలో పడింది. శనివారంలోగా ఊపిరాడే ఇల్లు చూసుకో, లేకపోతే నీ చోట్లో ఇంకొకర్ని చూసుకోక తప్పదు అన్నాడాయన. తోటి పనిపిల్ల ఇంట్లో నేల మీద పడుకుంటోంది కానీ, శనివారానికి ఆ పిల్ల వాళ్ళమ్మ వస్తోంది. కింద పల్లపు వీధుల్లో కొత్త ఫ్లాట్ల అద్దె ఆమె జీతానికి అందదు. ఇక మిగిలినవి కొండల మీది రేకుల ఇళ్ళే.

బుధవారం నాటికి ఆరు ఇళ్ళు చూసింది. ఆరిళ్ళలోనూ మంచివాళ్ళే. టీ ఇచ్చారు, రొట్టె మీద అవకాడో రాసి పెట్టారు, "పిల్లా? మాకు పిల్లి లేదమ్మా" అన్నారు. ఆ మాట పూర్తయ్యేలోగా తెర వెనకనుంచి ఒక తోక కనిపించేది.

ఆరో ఇంటినుంచి కళ్ళు వాచి, బండి దగ్గరికి వచ్చింది. రెనాతోకి మూడు అడుగుల దూరంలో ఆగింది. అంతకన్నా దగ్గరికి పోతే ముక్కు ఊరుకోదని అప్పటికే కొలత పెట్టుకుంది.

"మీ ఊరంతా అబద్ధాలకోరులే," అంది.

ఈసారి అతను నవ్వలేదు. ఎవరూ అబద్ధం చెప్పలేదని నిదానంగా చెప్పాడు. కొండ మీద పిల్లి ఎవరిదీ కాదు. అడ్మిరల్‌నే తీసుకుంటే, దాని ఫలహారం చేపలవాడి ఇంట్లో, మధ్యాహ్నం నిద్ర టైలరమ్మ ఇంట్లో, రాత్రి మకాం తన బామ్మ దగ్గర. దాని కోసం ప్రతి ఇంట్లోనూ కిటికీ బెత్తెడు తెరిచి ఉంచుతారు. మీదేనా అని అడిగితే కాదనే అంటారు, అది నిజమే మరి.

"పిల్లి ఉందా అని అడక్కండి. పిల్లి ఎక్కడ పడుకుంటుంది అని అడగండి."

మర్నాడు నాలుగిళ్ళలో అలాగే అడిగింది. ఎవరూ క్షణం తడుముకోలేదు. ఒకావిడ సోఫా అంది, ఒకాయన బట్టల అలమర అన్నాడు. నాలుగో ఇంటావిడైతే ఎంతో ప్రేమగా, "నీ మంచం మీదేనమ్మా, చలికాలం నీకు దుప్పటి కూడా అక్కర్లేదు" అంది.

ఆ సాయంత్రం ఆమె పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టింది.

శుక్రవారం బండి దిగుతుంటే రెనాతో పిలిచాడు. బండిని లాగే మిషన్‌కి సరిగ్గా పైన ఒక గది ఉందట. ఎప్పుడో మిషన్ చూసుకునే వాళ్ళకని కట్టింది, ఖాళీగా ఉంది. ఆ మోతకీ గ్రీజు కంపుకీ ఏ పిల్లీ అటువైపు తొంగి చూడదు. మనుషులు కూడా పెద్దగా ఇష్టపడరనుకోండి అన్నాడు.

గదికి సున్నం కొత్తగా వేసి ఉంది. పరుపు కొత్తది. దెల్మీరా మంచం అంచున కూర్చుని, నోటి మీది మాస్క్ తీసింది. కింద మిషన్ మూలిగింది, కిటికీ అద్దాలు గడగడలాడాయి, బల్ల మీది కప్పు దానంతటదే నాలుగంగుళాలు నడిచింది. తుమ్ము రాలేదు.

"వచ్చిందా?" మెట్ల కిందనుంచి రెనాతో అడిగాడు. పైకి రాలేదు.

"లేదు."

"ఇప్పుడు?"

"లేదన్నానుగా," అంది. ఇన్నాళ్ళ తర్వాత ఊపిరి అడుగంటా దిగింది. అంతవరకూ ఉగ్గబట్టుకున్న ఏడుపు కూడా దాంతో బయటికి వచ్చింది.

శనివారమే దిగిపోయింది. ఉర్రూతియా గారు మైనం దగ్గరికి మళ్ళీ రానిచ్చారు. పని అయ్యాక రోజూ కిటికీకి మూడడుగుల దూరంలో నిలబడి రెనాతోతో కబుర్లు చెప్పేది. ఎవరి పళ్ళు ఎలా ఉన్నాయో ఆమె చెబితే, ఏ పళ్ళు ఎవరివో అతను ఊహించేవాడు. ఆమె కోసం ఒకరోజు కొత్త చొక్కా వేసుకొచ్చాడు. పావుగంటలో అడ్మిరల్ దాని మీద పడుకుని తన ముద్ర వేసింది. వాన పడిన రోజు మాత్రం అదృష్టం కలిసొచ్చింది. తడిసిన కోటు నుంచి బొచ్చు లేవదు. ఆ సాయంత్రం ఇద్దరూ గొడుగు కూడా లేకుండా రెండడుగుల దూరంలో నిలబడ్డారు. ఆ తగ్గిన ఒక్క అడుగు గురించే ఆలోచిస్తూ దెల్మీరా ఆ రాత్రి పడుకుంది.

ఆమెను బాధపెట్టింది ఒక్కటే, రెనాతో బామ్మ. క్లొరిందా బామ్మ ఈమధ్య పొద్దున్నుంచి చీకటి పడేదాకా బండిలోనే కూర్చుని పైకీ కిందికీ తిరుగుతోంది. నిప్పులు చెరిగే ఎండలో కూడా ప్లాస్టిక్ వానకోటు వేసుకుని, ఒళ్ళో సంచి పెట్టుకుని ఉండేది. దెల్మీరా ఎక్కితే చాలు, చేతిలో ఉన్నది సంచిలోకి తోసేసి, "దూరం, దూరంగా కూర్చో అమ్మాయ్" అనేది. తన పిల్లిని వెలేసిందని ముసలామెకి కోపమని దెల్మీరా అనుకుంది.

రెండో వారం గురువారం బండిలో ఇద్దరే ఉన్నారు. దెల్మీరా ఉండబట్టలేక, మీకు నా మీద కోపమా అని అడిగేసింది.

"నీ మీద ఎందుకు కోపం? నా సోఫా మీద కోపం," అంది బామ్మ. "మా రెనాతో కాళ్ళు దానికి మూరెడు బయటే ఉంటున్నాయి. తెల్లారేసరికి పిల్లి వాడి నెత్తి మీద."

"రెనాతో మీ సోఫా మీద ఎందుకు పడుకుంటున్నాడు?"

బామ్మ ఆమెను వింతగా చూసింది. "గది నీకిచ్చాక ఇంకెక్కడ పడుకుంటాడు?"

బండి ఆగగానే దెల్మీరా నేరుగా కిటికీ దగ్గరికి నడిచింది. ఆగాల్సిన చోట ఆగలేదు.

"ఖాళీ గది అన్నావు."

"నేను ఖాళీ చేశాక ఖాళీయే కదా," అన్నాడు రెనాతో వెనక్కి జరుగుతూ. "దూరం, నీకు పడదు."

"నీకు బుద్ధుందా? బొచ్చు అంటకుండా నువ్వు నా దగ్గరికి రాగలిగిన చోటు అదొక్కటే. అది నాకిచ్చేసి, కొండ మీది పిల్లులన్నిటితో కలిసి పడుకుంటున్నావు."

"నువ్వు వెళ్ళిపోతే మన మధ్య ఒక దేశం ఉంటుంది. ఇలా అయితే మూడడుగులు," అన్నాడతను. "నాకు మూడడుగులే నయమనిపించింది."

దెల్మీరా కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. అందులో ఎంత పిల్లి వల్లో, ఎంత అతని వల్లో ఆమెకే తెలియలేదు. "నువ్వంటే నాకు చాలా ఇష్టం రెనాతో," అంది. అని, తుమ్మింది.

శనివారం సాయంత్రం బామ్మ ఇద్దరినీ పై స్టేషన్‌కి పిలిపించి సంచి తెరిచింది. లోపల ముదురు నీలం స్వెట్టర్ ఉంది.

"నలభై ఏళ్ళుగా మా ఇంట్లో ఊలంటే అడ్మిరల్ జాతికి పరుపే. అక్కడ అల్లితే నీకు పనికొస్తుందా? అందుకే బండిలో అల్లాను. నా బట్టల బొచ్చు అంటకుండా ఈ కోటు. ఆ బొచ్చు నీకు పడదని దూరంగా కూర్చోమన్నాను. రాత్రుళ్ళు సంచి మిషన్ గదిలోనే దాచాను, వీడికేమో ఉల్లిపాయలని చెప్పాను." స్వెట్టర్ మడత విప్పి దెల్మీరాకి ఇచ్చింది. "ఇది నీ గదిలోనే ఉండాలి. వీడు స్నానం చేసి వచ్చి వేసుకుంటాడు. ముందు వాసన చూడు."

దెల్మీరా స్వెట్టర్‌లో మొహం దాచుకుంది. బామ్మా మనవడూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. కొత్త ఊలు వాసన, కాస్త గ్రీజు వాసన, అంతే. ఎంతసేపటికీ ఆమె మొహం పైకెత్తకపోతే రెనాతో కంగారుపడ్డాడు. తీరా చూస్తే ఆమె నవ్వుతోంది.

అరగంట తర్వాత తడి తలతో, నీలం స్వెట్టర్‌తో వచ్చాడు. అప్పటికి బామ్మ బండి బల్లలు సబ్బునీళ్ళతో కడిగించి, తనే మిషన్ మీట దగ్గర కూర్చుంది. తన మొగుడు ముప్పై ఏళ్ళు నడిపిన బండే అది. ఇద్దరూ లోపల కూర్చున్నారు. మధ్యలో మూడడుగులు ఉన్నాయి, తర్వాత రెండు, తర్వాత ఒకటి. దెల్మీరా అతని భుజం మీద తల ఆనించింది. తుమ్ము రాలేదు.

అప్పుడే అడ్మిరల్ తన అలవాటు ప్రకారం తోక నిలబెట్టుకుని బండి కిటికీ దగ్గరికి నడిచొచ్చింది. బామ్మ గబగబా లేచి వచ్చి, దాని మొహం మీదే కిటికీ తలుపు మూసింది. నలభై ఏళ్ళలో ఆమె పిల్లికి కిటికీ మూయడం అదే మొదటిసారి.

ఆమె వెళ్ళి మీట లాగగానే బండి కిందికి కదిలింది. కింద జనం ఎక్కడానికి నిలబడి ఉన్నారు, వాళ్ళిద్దరూ దిగలేదు.