తిరగేసిన అద్దం

"ముందు ఆ టేపు జేబులో పెట్టండి!"

గుమ్మంలోనే గద్దించింది టామ్‌సిన్. వానలో తడిసి వచ్చినవాడికి టీ ఇవ్వాలన్న మర్యాద తెలియక కాదు. పోయిన నెల పిట్టల్ని చూడ్డానికొచ్చానన్న పెద్దమనిషి ఇల్లంతా కొలుచుకుపోయి, వారం తిరక్కుండా ఓ హోటల్ కంపెనీ తరఫున బేరానికి దిగాడు. నాన్న ఎడ్విన్ అప్పుడే సగం మెత్తబడ్డాడు. కందకం మధ్య ఆరొందల ఏళ్లనాటి ఈ యార్‌కోట్ ఇల్లూ, గొర్రెల మందా తప్ప ఆమెకి మరో లోకం లేదు.

"గిడియన్ లడ్‌స్టన్ నా పేరు. మా పూర్వీకుల ఇల్లు వెతుకుతున్నానండీ. ఏడేళ్లుగా."

"మొన్నటాయన పిట్టల్ని వెతికాడు."

అతను నవ్వాడు. నవ్వు బాగుంది. అందుకే ఆమెకి అనుమానం ఇంకా పెరిగింది.

వసంతమంతా ప్రతి శనివారం వచ్చాడు. ప్రతి శనివారం టామ్‌సిన్ నీడలా వెంట తిరిగింది. ఆ రోజు మాత్రం మంచి స్వెట్టర్ వేసుకునేది. నిఘాకి అదే వీలని తనకి తనే చెప్పుకుంది.

ఒకరోజు అతను నోటుపుస్తకం బల్లమీద మరిచాడు. తెరిచింది. గదిగదికీ కొలతలు!

"మీ తాతలు అంగుళాల్లో దొరుకుతారా? ఏ కంపెనీ పంపింది మిమ్మల్ని?"

గిడియన్ మొహం ఎర్రబడింది. "మా పాత కాగితాల్లో ఉన్న గదుల కొలతలతో పోల్చి చూడ్డానికండీ," అంటూ మేడమీది రంగుటద్దాల కిటికీ దగ్గరికి నడిచాడు. ఆమె విసవిసా వెనకాలే వెళ్లింది.

"అద్దంలో ఈ డాలు బొమ్మ చూడండి, పెళ్లితో కలిసిన రెండు వంశాల గుర్తులు. ఎడమవైపు మూడు నక్షత్రాలు మా లడ్‌స్టన్ల గుర్తు. కుడివైపు మూడు ధాన్యపు పనలు. ఎప్పుడూ ఎడమసగం మొగుడిది, కుడిసగం పెళ్లాంది. అంటే మావాడే ఇక్కడ యజమాని. ఇది మా ఇల్లేనండీ!"

"ఈ అద్దం ఎప్పుడైనా తుడిచారా?"

"లేదే."

"చిన్నప్పట్నుంచీ నేనే తుడుస్తున్నా. మిగతా కిటికీలకి రంగు గరుకంతా లోపలివైపు. దీనికి ఒక్కదానికే బయట."

గిడియన్ రెక్క తెరిచి వేలితో తడిమాడు. రంగు లోపలివైపే వేస్తారని అతనికి తెలుసు. ఎవడో మరమ్మతుకొచ్చినవాడు అద్దాన్ని తిరగేసి బిగించాడు. కుడి ఎడమైంది. ఇల్లు పనలవాళ్లది. లడ్‌స్టన్ల పిల్ల ఇక్కడికి కోడలిగా వచ్చింది, అంతే.

ఏడేళ్ల శ్రమ. అతని మొహం పాలిపోయింది. అయినా ఆమె ఎదుటే పుస్తకంలో 'మా ఇల్లు' అని రాసుకున్నది కొట్టేసి, 'మా ఇంటి ఆడపిల్ల అత్తవారిల్లు' అని రాశాడు.

కొనడానికొచ్చినవాడికి ఆనాటి కోడలు ఎవరైతేనేం? టామ్‌సిన్ అనుమానం అక్కడితో పోయింది. దాని స్థానంలో గుండెదడ పట్టుకుంది.

"టీ తాగుతారా?" అంది, మొదటిసారి.

వంటగదిలో ఎడ్విన్ కప్పులు సర్దుతున్నాడు. గిడియన్ కప్పు అందుకున్నాడు.

"ఒకప్పుడు మావాళ్లు ఈ ఇంటికి పిల్లనిచ్చారు," అన్నాడు. "ఈసారి పిల్లాడొస్తే రానిస్తారా?"

టామ్‌సిన్ చెవులదాకా ఎర్రబడింది. "కొలతలు మానేస్తే ఆలోచిస్తా."

"అంటే ఇల్లరికమే!" ఎడ్విన్ కళ్లజోడు పైనుంచి చూశాడు. "మందని మేమిద్దరమే చూసుకోలేకే అమ్మేద్దామనుకున్నా. గొర్రెబొచ్చు కత్తిరించడం వచ్చా బాబూ?"

"రాదండీ. నేర్చుకుంటా."

"అమ్మాయ్, ఆ హోటలు వాళ్లకి ఫోన్ చెయ్యి. ఇల్లు ఇవ్వటంలేదని చెప్పు."